దస్తగిరి జాన

కట్టమంచిలో మా కొత్త గదికి
తెల్లారితే బెడ్డు పోస్తారు.
పైపులు కంటికి కనబడేది
ఈ రాత్రికే ఆఖరు.

నిన్నటినుంచీ నీళ్ళు నింపి
మూతులు బిగించి పెట్టినాడు దస్తగిరి.
గేజీలో ముల్లు
కదలకుండా నిలబడుండాది.
అయినా నమ్మడు.
సెల్లు టార్చి పట్టుకుని గుంతలోకి వొంగి
ఒక్కో ఎల్బో కింద వేలుపెట్టి తుడిచి
ఆ వేలిని పెదిమకు ఆనించి చూస్తాడు.
పనిచేసే చెయ్యికి తడి తెలీదంట,
పెదిమకు తెలుస్తాదంట.

వంటింటి కొళాయికి పొయ్యేది తెల్లది.
బాత్రూమునుంచి వచ్చేది బూడిదరంగుది,
నా మోచెయ్యంత లావు.
మట్టిలో పక్కపక్కనే పడుకుండాయి రెండూ,
ఒక కడుపున పుట్టి మాటల్లేనట్టు.

రాసుకోక్కా, అన్నాడు.
గడపనుంచి లోపలికి ఏడు జానలు, ఆడ మలుపు.
కిటికీ వైపుకు నాలుగు జానలు, ఆడ టీ.
మెడలోని టేపు తీసి ఇచ్చినాను,
ముప్పై యేండ్లుగా వీధి రవికెలన్నీ కొలిచిన టేపు.
తీసుకోలేదు.
"గుడ్డటేపు సాగతాదక్కా. చెయ్యి సాగదు."

ఆరింటికే మిల్లరు వచ్చె.
చెంగల్రాయుడు మేస్త్రి, ఆయన వెనక పదిమంది.
మూట సిమెంటుకు ఇసక ఎన్ని బొచ్చెలో, కంకర ఎన్నో,
వల్లెమ్మ గొంతెత్తి లెక్కబెడతా వుంటే
మొదటి బొచ్చె పడింది,
సంగటి ముద్ద తట్టలోకి జారినట్టు.
దస్తగిరి మాత్రం గేజీ ముందర గొంతుకూర్చుని
జొరమొచ్చిన బిడ్డను చూసినట్టు
ముల్లునే చూస్తా వుండాడు.
"ఆ మూల పార పొడవద్దన్నా!"
మేస్త్రి విన్నాడో లేదో.

పదింటికి అంతా మూసుకుపోయింది.
తెల్లదీ లేదు, బూడిదదీ లేదు.
మేస్త్రి నున్నంగా తోసిన నేలమీద
మీటరు పెట్టె పక్క మూలన
దస్తగిరి చెయ్యి చాచి అదిమినాడు,
బొటనవేలు కాణ్ణించి చిటికెనవేలు దాకా.
"ఏందిరా, చిన్నబిడ్డవా!"
తాపీతో తుడిపేసినాడు మేస్త్రి.
మళ్ళీ అదిమినాడు.
మళ్ళీ తుడిపినాడు.
మూడోసారికి సిమెంటు బిగుసుకుంటా వుంటే
వల్లెమ్మ అడ్డమొచ్చె:
"వుండనీన్నా. వాడేమన్నా పేరు రాసుకున్న్యాడా?"

మధ్యాన్నం కూలి లెక్క తీసుకుని
సిమెంటు కొరికిన చెయ్యికి
కొబ్బరినూనె అడిగి పూసుకుని
పలమనేరు బస్సుకు పొయినాడు.
ఫోను నెంబరు ఇచ్చినాడు.
పాత నెంబరు కొట్టేసి కొత్తది రాసిచ్చినాడు.

ఇప్పుడు గోతాలు పరిచి నీళ్ళు పోస్తా వుండా.
పైన నీళ్ళు, అడుగున నీళ్ళు,
నడాన నాలుగంగుళాలు రాయవతా వుండాది.
మూలన ఆ చేతిలో నా చెయ్యి పెట్టి చూసినా.
నా చిటికెనవేలు ఆడిదాకా పోలేదు,
చెనిక్కాయంత ఎడం మిగిలింది.
అప్పుడు టేపు తీసినా.

రవికెల కొలతల నోటుబుక్కులో
భారతమ్మ చంక పదహారుకీ
నర్సు మేరీ భుజం పదమూడున్నరకీ నడాన
రాసిపెట్టినా:
దస్తగిరి. జాన. తొమ్మిదింబావు.