ముప్పావులో అరపావులు

టపా విమానం నీళ్ళమీద వాలి
మూడు పెట్టెలు దింపిపోయింది.
తడిసిన అట్టలు విప్పి బల్లమీద పరిచాను.
పోయిన వారం దీనిమీదే హాల్వర్ గాలాలు సరిచేశాడు,
ఎన్ని తుడుపులు తుడిచినా
చేపల ఉప్పు వదలని బల్ల.

మొదటి పుస్తకం మాటిమాటికీ వెనక్కొస్తుంది.
సోమవారం భిన్నం, మంగళవారం కోణం,
బుధవారం మళ్ళీ భిన్నం,
ఇచ్చిన గిన్నె గుర్తుందా అని
తలుపు తట్టే పొరుగావిడలా.
రెండోది ఒక్క మెట్టుమీదే నిలబెడుతుంది.
కాలు కుదిరేదాకా పైమెట్టు చూపించదు.
మూడోదానికి రంగు కడ్డీలు, చెక్కముక్కలు,
పడవకి ఒక ట్యాంకు డీజిలు ఖరీదు.

రాగ్నా ఇరవై నిమిషాల్లో మూడూ తిరగేసి
"అన్నీ ఒకటేనమ్మా, బొమ్మలే తేడా" అంది.
పదకొండేళ్ళది. లెక్క గబగబా చేస్తుంది,
తప్పు ఇంకా గబగబా చేస్తుంది.
ఎస్కిల్ ఒక్కటీ తెరవలేదు.
కిటికీ పక్కన వేలాడే పోటుపాటుల పట్టికలో
వేలు జరుపుకుంటూ నిలబడ్డాడు,
నాన్న రేవుకి ఏ పోటుకి రాగలడో చూస్తూ.
భిన్నాలంటే వాడికి కడుపునొప్పి.

నాకూ ఉండేది.
కెచికన్ బడిలో, నల్లబల్ల ముందు,
నా వీపు వెనక ఇరవైరెండు మంది.
"కిందిది తిరగేసి హెచ్చించు, ఎందుకని అడక్కు"
అన్నాడు డ్రెయిటన్ మాస్టారు.
అడగలేదు. ముప్పై ఏళ్ళు అడగలేదు.
చేపలు తూచాను, పడవ పద్దులు రాశాను,
అప్పులకి వడ్డీలు కట్టాను,
ఆ ఒక్కటీ అడగలేదు.
ఇప్పుడీ మూడు పెట్టెల్లో వెతుకుతున్నది
పిల్లలకి పుస్తకమో,
ఆ సుద్దముక్క దాచిపెట్టడానికి చోటో.

రాత్రి పిల్లలు పడుకున్నాక
రెండోదాన్ని దీపం కిందికి లాక్కున్నాను.
రేకుమీద వాన ఆగడం లేదు.
ముప్పావుని అరపావుతో భాగించమంది.
నా చెయ్యి దానంతటదే తిరగేసింది,
కొట్టకముందే వంగే వీపులా.
పెన్సిలు పక్కన పెట్టాను.
రొట్టెల పిండి ముప్పావు కప్పు కొలిచాను.
మా కాఫీ గరిటె సరిగ్గా అరపావు.
ఒకటి. రెండు. మూడు.
ఆరో గరిటెకి కప్పు ఖాళీ.
ఇంతేనా?
ఇందులో అది ఎన్నిసార్లు పడుతుందని అడగడమేనా?
కప్పుకి ఎనిమిది గరిటెలు,
ముప్పావుకి ఆరు.
ఆ తలకిందుల ఎనిమిది వచ్చింది ఇక్కణ్ణించా?

"ఏం చేస్తున్నావు?"
గుమ్మంలో ఎస్కిల్, ఒక కాలికే మేజోడు.
చెప్పాను. చూశాడు. అన్నాడు:
"సగం సగం గరిటె తీస్తే?"
తెలీదురా, అన్నాను.
ఆ మాట అంత తేలిగ్గా
ఎవరి ముందూ అని ఎరగను.
ఇద్దరం కొలిచాం. పదకొండూ చిల్లర వచ్చింది.
పన్నెండు రావాలి కదా, అన్నాను.
"మిగతాది కిందుంది" అన్నాడు వాడు,
మోకాళ్ళమీద బల్ల కిందికి దూరి.

అయినా పొద్దున్న మొదటిదే ఉంచుకుందామనుకున్నాను,
అందరూ మెచ్చుకునేది అదే కనుక.
చిరునామా కాగితాలు అంటిస్తుంటే రాగ్నా కేక:
రెండోదాని జవాబుల్లో, అరవైరెండో పేజీ, తప్పు!
పెద్దవాళ్ళు అచ్చేసిన జవాబు తప్పవుతుందా,
మళ్ళీ చెయ్యి, అన్నాను.
చేసింది. మళ్ళీ చేసింది.
ఈసారి గళ్ళు గీసి, ఒక్కో అంకె గదిలో కూచోబెట్టి,
కొట్టివేత లేకుండా.

సాయంత్రం రేడియోలో హాల్వర్ గొంతు, గరగర మధ్య:
"తప్పున్న పుస్తకానికి డబ్బు కట్టావా?"
కట్టాను.
మీ అమ్మాయి దాన్ని తప్పని నిరూపించడానికి
నాలుగుసార్లు చేసింది, అన్నాను.
అది అంత నెమ్మదిగా ఏ పనీ చేయగా
నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు.