పూత

భోజనం గంటకి ముందు
తామాతి మళ్లీ దగ్గాడు.
బ్లఫ్ రేవు గాలికి చెవులు మొద్దుబారినదాన్ని,
ఆ దగ్గుకి మాత్రం పెన్ను కింద పెట్టాను.
నాలుగు, ఏడు, పదకొండు...
ఊపిరికి సందివ్వని దగ్గులు.
చివర్న, ఇరుకు సందులోంచి గాలిని ఈడ్చుకున్నట్టు
ఒక కూత.

పదేళ్లవాడు. మొహం కందిపోయింది.
నీళ్ల కప్పు రెండు చేతులా పట్టుకుని
"మిస్, నాకు సూదులన్నీ వేశారు కదా" అన్నాడు,
డబ్బిచ్చినా సరుకందని వాడిలా.

కార్డు తీశాను.
ఆరు వారాలకి, మూడు నెలలకి, అయిదు నెలలకి,
నాలుగేళ్లకి.
ఆఖరి సంతకం మీదుగా ఆరు చలికాలాలు పోయాయి.
కింద, పదకొండో ఏటి గడి
ఖాళీ.

సాయంత్రం వాళ్ల నాన్న వచ్చాడు, రావిరి,
ఆల్చిప్పల పడవ మీంచి నేరుగా.
"పనిచెయ్యని మందు ఎందుకు పొడిచారు?"
గట్టిగా అనలేదు. అన్నా బాగుండేది.

నా దగ్గర అంకెలున్నాయి:
మొదటి ఏడాది దాదాపు అందర్నీ కాస్తుందనీ
అయిదేళ్లు దాటితే పదిలో ఏడుగురినేననీ,
సోకినా చాలామందిని తేలిగ్గా వదుల్తుందనీ.
చెప్పలేకపోయాను.
తండ్రికి తన కొడుకు పదిలో ఒకడు కాడు.

"పడవకి రంగెప్పుడు వేశావ్?"
"ఏటా వేస్తాను. ఉప్పు తినేస్తుందిగా."
అని, ఆగాడు.
గెలిచాననుకున్నాను.
"పడవ సంగతి నాకు తెలుసు.
వీడి సంగతి నాకెవరు చెప్పారు?"

నిజమే.
గోడమీద అతికించాం, చిన్న అక్షరాల్లో.
నోటితో ఎవరం చెప్పాం?

ఇంట్లో ఇరవై రోజుల పాప, హినేవై.
తొలి సూదికి ఇంకా మూడు వారాలు.
ఏడో నెలలో తల్లి భుజాన వేయించుకున్నదే
ఆ పిడికెడు ఒంట్లో కాపలా తిరుగుతోంది.
తామాతిని అమ్మమ్మ ఇంటికి పంపారు,
మందు సీసాతో, బకెట్‌తో.
అయిదు రోజులు
చెల్లెల్ని ఫోన్లోనే చూశాడు,
దగ్గొచ్చినప్పుడల్లా తెరకి చెయ్యి అడ్డుపెట్టి.

పాప దగ్గలేదు.
ఎందుకని అడిగితే
మందనీ చెప్పగలను, అదృష్టమనీ చెప్పగలను,
ఎంతెంత పాలో చెప్పలేను.

నవంబరులో వాడికి పదకొండు నిండాయి.
చొక్కా చెయ్యి తనే పైకి మడిచి
సూది వంక కాక నా వంక చూస్తూ
"ఈ పూత ఎన్నాళ్లుంటుంది?" అన్నాడు.

కుర్చీ దగ్గరికి లాక్కుని
చెప్పాను.
చివరిదాకా, నోటితోనే.