చివరి బండి

ఆరు రోజుల యాత్ర. ఎనిమిదిమంది.
ముందు గోరజ్ద్, దారి చూపేవాడు.
వెనక నేను, తెల్ల వ్యానుతో:
వాళ్ళ పెట్టెలు, రెండు గెలల అరటిపళ్ళు,
నాలుగు విడి చక్రాలు, నొప్పులకి రాసుకునే మందు.
అలిసినవాళ్ళని ఎక్కించుకోవడం నా ఉద్యోగం,
కోతలయ్యాక చేలో పరిగె ఏరుకున్నట్టు.

మొదటి రోజు అందరూ సరస్సుని ఫోటో తీశారు.
రెండో రోజు వాన. ఎవరూ తీయలేదు.
మూడో రోజుకి కూర్చోవడమే కష్టమైంది,
జడ్జిగారూ పళ్ళ డాక్టరూ సిగ్గొదిలేసి
ఒకే డబ్బాలోంచి లేపనం పంచుకున్నారు.

నాలుగో రోజు వ్రషిచ్ కనుమ.
ఈవైపు నుంచి ఇరవై నాలుగు మలుపులు,
ప్రతి మలుపుకీ ఓ నంబరు పలక,
మలుపు మలుపుకీ రాళ్ళు పరిచిన నేల.
ఎనిమిదో మలుపు దగ్గర చెక్క చర్చి.
ఈ దారి యుద్ధఖైదీలు వేసింది.
మంచు విరిగి మీద పడింది.
ఎంతమంది పోయారో, ఎవరి లెక్క వాళ్ళది.
అక్కడ నేను హారన్ కొట్టను.

అందరికన్నా వెనక విల్లెమీన్.
డెబ్భై ఒకటి. గుట్ట అన్నది లేని దేశం నుంచి వచ్చింది.
నలభై ఏళ్ళు కాలవ మీద వంతెన ఎత్తి దించిందట.
"పడవలు పోయేవి, సైకిళ్ళు పోయేవి,
నేను గాజుగదిలో మీట పట్టుకుని."
మొదటి గేరులో ఆమె వెనకే పాకుతున్నాను,
క్లచ్ మాడు వాసన.
పన్నెండో మలుపులో అడిగాను, ఎక్కుతారా అని.
పదిహేనులో అడిగాను.
పద్దెనిమిదిలో ఆమే దిగి, సైకిలు కొండకి ఆనించి
నా కిటికీ దగ్గరకొచ్చింది.

"నువ్వెప్పుడు ఎక్కావు ఈ కొండ?"
పదకొండేళ్ళయింది అన్నాను. కుడిమోకాల్లో స్టీలు.
"నాకు ట్రాక్టరు వచ్చు," అంది. "దిగు."

ఆఫీసుకి తెలిస్తే నా అన్నం పోతుంది.
అది ఆమెకీ చెప్పాను.
అప్పటికే సీటు ముందుకి జరుపుకుంటోంది.

సైకిలు నాకు చిన్నది. బూట్లు పనివి.
పందొమ్మిది దాకా నన్ను నేనే తిట్టుకున్నాను.
ఇరవైలో ఊపిరి గొంతులో ముడిపడింది.
ఆ తర్వాత రాళ్ళు పళ్ళని కటకటలాడిస్తుంటే
మోకాలు తన మాట తను చెప్పుకుంటూ తిరిగింది,
తుప్పుపట్టిన గిలకలా, కీచుమంటూ, కానీ తిరిగింది.
దేవదారులు పొట్టివవుతూ వచ్చాయి,
ఆ పైన తెల్లటి రాయి, బోడి ఆకాశం.
ఇన్నేళ్ళూ అద్దంలోంచి చూసిన కొండకి
ఇంత చలిగాలి ఉందని మరిచేపోయాను.
వెనక ఆమె. ఎక్కడా తోయలేదు, తొందరపెట్టలేదు.
ఒక్కసారి, ఇరవై మూడులో, చిన్నగా హారన్ కొట్టింది.

పైన గొర్రెలు రోడ్డుకి అడ్డంగా పడుకుని ఉన్నాయి.
ఏడుగురూ చప్పట్లు కొట్టారు,
వ్యాను కిటికీలోంచి ఆమె దర్జాగా చెయ్యూపింది.
గోరజ్ద్ నన్ను చూశాడు, సైకిల్ని చూశాడు,
నోరు తెరిచి, దాన్నిండా అరటిపండు కుక్కుకున్నాడు.

రాత్రి ట్రెంటాలో, సత్రం బల్ల మీద, రోజువారీ కాగితం:
బయల్దేరినవారు, ఎనిమిది.
చేరినవారు, ఎనిమిది.
వ్యానెక్కినవారు, ఒకరు.
కారణం అన్నచోట కలం కాసేపు ఆగింది.
మోకాలు అని రాశాను.
ఎవరిదో రాయలేదు.

ఐదో రోజు సోచా నది పక్కనే దారి,
నీళ్ళు పచ్చగా, పిల్లలు కావాలని రంగు కలిపినట్టు.
మళ్ళీ ఆమే చివర.
నా కుడికాలు కొయ్యలా బిగుసుకుపోయి
బ్రేకు తొక్కినప్పుడల్లా అమ్మని తలుచుకుంటోంది.
ఇరుకు వంతెన మీద ఆమె పక్కకి ఒదిగి
వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తింది,
దారి తెరిచాను, పొమ్మన్నట్టు.

నేను పోలేదు.
చివరి బండిని కదా.