పాట లేని వేలం

చిత్తూరు బెల్లం మండీలో
ముప్పయ్యేళ్లు తువ్వాల కింద
వేళ్లు పట్టి ధర చెప్పినోణ్ణి.
అందుకే పిలిపించినారు:
"అరిచే పాట కాదు మునెయ్యా,
కాగితం మీద రాసే వేలం, డయాలసిస్ మిషనుకి.
మొదటి ధరలు నువ్వే వెయ్యి."

కాళహస్తి కలంకారీకి రెండువేలు, పెంపు రెండొందలు.
ఇత్తడి కాఫీ ఫిల్టరుకు మూడొందలు, పెంపు ఇరవై.
యాభై అంటే టీచరమ్మల పెన్ను ఆగిపోతుంది,
అయిదంటే తెల్లారినా బేరం తెగదు.
తక్కువలో మొదలుపెడితేనే
చెయ్యి జేబులోకి పోతుంది.
ఇది బెల్లం దగ్గర నేర్చిందే.

కుట్టుమిషను కాడ ఆగిపోయినా.
ఖుర్షీదమ్మ ఇచ్చింది.
ఆ మిషను తొక్కే, వారానికి రెండుసార్లు
మొగుణ్ణి వేలూరు బస్సెక్కించేది.
ఇప్పుడు ఎక్కించే పని లేదు.

"ఎంత వెయ్యమంటావు తల్లీ?"

మాట్లాడలేదు.
నాలుగు వేళ్లు చక్రం మీద పెట్టి
తీసేసింది.

నాలుగొందలా, నాలుగువేలా,
ఊరికే తడిమిందా?
ముప్పయ్యేళ్లు వేళ్లు చదివినోణ్ణి,
తెలీలేదు.

మొదటి ధర గడి ఖాళీగా ఇడిసి
పెంపు గడిలో వంద రాసినా.

దేని మీద వంద అని
ఇంతదాకా ఎవురూ అడగలేదు.