పాత నంబరే

బటూమిలో వాన ఆగదు, గుటక మింగుతుందంతే.
అలాంటి ఒక గుటక మధ్యలో
ఓతారి గారు మా నేలమాళిగ కొట్టు మెట్లు దిగారు,
కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి,
జ్వరమొచ్చిన పిల్లాణ్ణి ఎత్తుకొచ్చినట్టు.

మూత తీస్తే మదర్‌బోర్డు మీద పచ్చటి చిలుము.
పదకొండేళ్లుగా ఉప్పుగాలి నాకి నాకి
రాగి దారుల్ని తినేసింది.
"డిస్కు బతికే ఉంది" అన్నాను.
అప్పుడు కూర్చున్నారు.
అందులో మూడు గొంతుల పాటలు నాలుగు వందలున్నాయట,
కొండల్లో ముసలివాళ్లు పాడుతుంటే
పక్కన కూర్చుని స్వరం స్వరం రాసుకున్నవి.

బోర్డు మార్చాను.
అదే డబ్బా, అదే డిస్కు, రెండక్షరాలు చెరిగిన అదే కీబోర్డు.
మీట నొక్కితే ఫ్యాను తిరిగింది,
ఆయన పెట్టుకున్న ద్రాక్షతోట బొమ్మ తెరుచుకుంది,
కుడిమూల, నీళ్లు కలిపిన పాల రంగులో ఒక మాట:
ఈ కాపీకి ఇంకా అనుమతి లేదు.

"నా ఇంటికి నన్నే రానివ్వదా?"
బోర్డు మారితే అది మొహం చాటేస్తుందండీ.
ముందే మీ ఖాతాకి ముడివేసి ఉంటే గుర్తుపట్టేది.
"ఎవరూ చెప్పలేదే!"
చెప్పరు. బోర్డు పోయాక చెబుతారు, నాలాంటివాళ్లు.

యంత్రంతో పాటు వచ్చిన లైసెన్సయితే
పాత బోర్డుతోనే కాటికి పోయేది.
ఈయనది విడిగా కొన్నది. అంతవరకూ అదృష్టమే.
డబ్బా వెనక చీటీ మీద ఇరవై అయిదు అక్షరాలు,
అయిదు చోట్ల అరుగుదల.
మూడు చోట్ల బీనో ఎనిమిదో తేలదు,
రెండు చోట్ల అసలేమీ లేదు, గోకిన తెలుపు తప్ప.
నాకు తోచినట్టు నింపాను. ససేమిరా అంది.

ఆయన వానలోకి వెళ్లిపోయారు.
రెండు గంటలకి తిరిగొచ్చారు, చొక్కా లోపల ఒక నోటుపుస్తకంతో.
ఒక జోలపాట కింద, పెన్సిలుతో, అదీ మా లిపిలో:
బే, రవా, కా, రవా, తే...
అమ్మినతను ఫోన్లో చదువుతుంటే
చెవిన పడ్డది పడ్డట్టు రాసుకున్నారట, పాట రాసుకున్నట్టే.
బీ, ఎనిమిది కంటికి కవలలు.
బే, రవా అంటే చెవికి బంధుత్వమే లేదు.

తాళంచెవి తిరిగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు:
ఈ సంఖ్య ఇంకో యంత్రంలో వాడుకలో ఉంది, ఫోన్ చేయండి.
చేశాం. ఊపిరి తీసుకోని ఆడగొంతు ఒకటి
తొమ్మిది గుంపుల అంకెలు అడిగింది, గుంపుకి ఏడు.
ఓతారి గారు చదివారు,
గుంపుకీ గుంపుకీ మధ్య సరిగ్గా ఒక తాళం ఆగుతూ.
నేను నొక్కాను.
"ఈ కాపీ ఎన్ని కంప్యూటర్లలో ఉంది?" అంది గొంతు.

ఆయన నా కేసి చూశారు.
తర్వాత పళ్లెంలో పడున్న చిలుము బోర్డు కేసి.
అబద్ధమాడని మనిషి, అదే చిక్కు.
"పోయిన దాన్ని లెక్కపెట్టాలా?" అని గొంతునే అడిగారు.
గొంతు అదే ప్రశ్న మళ్లీ అదే స్వరంలో అడిగింది.
ఆయన చెయ్యి కదల్లేదు. ఒకటి నేనే నొక్కాను.

ఎనిమిది గుంపులు తిరిగొచ్చాయి.
ఒక్కొక్కటీ కొట్టాను, ఆఖరి అంకె దగ్గర
ఇద్దరం ఊపిరి బిగబట్టాం, ఎందుకో.
పాల రంగు మాట కరిగిపోయింది.
ద్రాక్షతోట మూల దాకా తోటే.

నలభై లారీలు తీసుకున్నాను. బోర్డు డబ్బు వేరే.
చచ్చిన బోర్డుని కూడా కాగితంలో చుట్టి పట్టుకెళ్లారు,
ఎందుకని నేనడగలేదు.
ఖాతా పుస్తకం తీశాను. బోర్డు మార్చినవాటికి
కొత్త నంబరివ్వడం మా కొట్టు పద్ధతి.
కాసేపు కలం పట్టుకుని కూర్చుని
రెండువందల పన్నెండు అని రాశాను,
పాతదే.

బయట వాన మళ్లీ మొదలైంది.
గొడుగు మర్చిపోయారు.