పదకొండు

తొమ్మిదేళ్లు ఎవరో ఒకరి మీద నెడుతూనే ఉన్నాను.
మొదట మిర్చి యార్డు మీద,
స్నానం చేసినా ముక్కులోంచి ఘాటు దిగదని.
తర్వాత ఏటుకూరు రోడ్డు లారీల మీద,
టీ మీద, దిండు మీద.
తల ఉత్తరానికుందని ఎవరో అంటే
అర్ధరాత్రి మంచం ఈడ్చాను.
కింది వాటా వాళ్లు లేచి తిట్టారు.

తెల్లారితే ఒళ్లంతా బస్తాలు మోసిన నొప్పి.
కాటా దగ్గర కునికి
నలభై అయిదు కిలోల టిక్కీని యాభై నాలుగని రాశాను.
షావుకారు ఏమీ అనలేదు,
నా చేతిలో పెన్ను తీసుకున్నాడు.

ఆ రాత్రి షంషాద్ నా పక్కన ఫోన్ పెట్టింది.
పొద్దున్నే వినిపించింది:
గురక. గురక.
ఆ తర్వాత ఏమీ లేదు.
వేళ్లు మడుస్తోంది... తొమ్మిది, పది, పదకొండు.
కాలువలో మునిగినవాడు తేలినట్టు
ఒక్క ఊపిరి.
"ఇది ఎప్పట్నుంచి?"
"నాలుగేళ్లుగా లెక్కపెడుతున్నా.
భయపడతావని చెప్పలేదు."

కొత్తపేట డాక్టరు ఒంటినిండా వైర్లంటించి
గొంతులో దారి మూసుకుపోతోందన్నాడు.
ఇప్పుడు ముక్కుకి గొట్టం, పక్కన గుయ్యిమనే మిషను.
ఏనుగుపిల్లలా ఉన్నావంటుంది షంషాద్.

నిన్న మంచినీళ్లకి లేచాను.
పక్కన ఆమె చెయ్యి,
మూడో వేలు దగ్గరే లెక్క ఆగిపోయి,
నోరు కాస్త తెరుచుకుని
గాఢంగా.