రెండో సిస్టం

రాత్రి తొమ్మిదిన్నరకు
అచ్చంపేట ఆఖరి బస్సు డిపోల నుంచి ఎల్లినంక
షట్టర్ సగం దించి
కౌంటర్ కింది జిరాక్స్ ముక్కలు ఊడ్చి
రెండో సిస్టం ముందర కూసుంట.

సెట్టింగ్స్ తెరుస్త.
కుకీలు: రెండు వందల పదిహేడు.

మొదట్ల పనికొచ్చిన పిల్లగాడు అడిగిండు,
బిస్కెట్లా అన్నా, అని.
నవ్విన గని, వాడన్నది తప్పేం గాదు.
తిన్నోడు లేచిపోయినంక బల్ల మీద మిగిలే నుసే గద.
నుసిని జూసి ఎవరొచ్చి పోయిండ్రో చెప్పొచ్చు,
ఏమనుకుంట తిన్నరో చెప్పరాదు.

"అన్నీ తుడిచెయ్" అని ఒక బటనున్నది.
పోయిన ఎండకాలం ఒక్కసారి ఒత్తిన.
తెల్లారి సప్లిమెంటరీ ఫీజుకు ఆఖరి రోజు,
లైను రోడ్డు దాక.
ఒక్క సైటు నన్ను గుర్తువట్టలే.
నువ్వెవరు, నీ పాస్‌వర్డ్ ఏంది,
అసలు మనిషివేనా,
ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఒత్తి చూపెట్టు.
పదేండ్ల సంది దేవరకొండ సెంటర్‌ల కూసున్నోణ్ణి,
ఎర్ర లైటుకు ఆగిన బండిని నేనెన్నడు సూడలే.

అప్పటిసంది ఒక్కటొక్కటే.

ముందుగాల తెల్వనోళ్లయి తీస్త.
ఇక్కడ ఎవ్వరు తెరవని సైట్లు,
నోరు తిరగని పేర్లు.
ఎవరో సబ్బుల ధర జూడనీకి వస్తె
ఎనుక తోక వట్టుకొని జొరబడ్డయి.
గిరిగిరి పైసలోళ్ల లెక్క
పొద్దుగాల ఒక వాకిట్ల, మాపటికి ఇంకో వాకిట్ల
చిట్టీల గీతలు గీసుకుంట తిరుగుతయి.
ఇవ్వి నూట నలభై. వీటి కాడ చెయ్యి వణకది.

తర్వాత మనోళ్లయి.
కిడ్నీల రాళ్లు తీసే దవాఖాన,
ఇది కండక్టర్ లచ్చీరాంది, కూసున్నంతసేపు నడుము వట్టుకునే ఉండె.
కోర్టు వాయిదాల సైటు,
బాయికాడి ఎకరం ఇరువై గుంటలది.
బత్తాయి రేట్లు.
పెండ్లి సంబంధాలు, మధ్యాన్నం రెండుంబావు.
టైము జూస్తె ఎవరిదో తెలుస్తది.
సూడకుండ తీసేస్త.
మిషిన్ మరిచిపోతది,
నన్ను మరిచిపొమ్మంటె ఏ బటన్ ఒత్తాలె?

నా లాగిన్లు అయిదు ఉంచుత.
ఇగ మిగిలేది ఒక్కటి,
పనిముట్లు అమ్మే సైటుది.

సున్నాలేసే ఈదమ్మకు
బటన్ల ఫోను. మెయిల్ లేదు, అకౌంట్ లేదు.
తెర మీద మూలకున్న తోపుడుబండి బొమ్మల
ఒక్కటే వస్తువు:
ఎనిమిది మెట్ల అల్యూమినియం నిచ్చెన,
నాలుగు వేల రెండొందల నలభై.

ఇప్పుడెక్కేది కిరాయి కట్టెనిచ్చెన,
దినానికి అరవై.
నాలుగో మెట్టు ఇరిగితె ఆడ తాడు గట్టుకున్నది.
ఐతారం ఐతారం వచ్చి
నీలం రంగు ఇంకిన గోరుతోని తెరను పొడుస్తది.
ఉన్నదా నాది?
ఉన్నది.
ఎవరన్న కొనుకపోయిండ్రా?
లేదమ్మా.
పది రూపాల బిళ్ల బల్ల మీద వెట్టి పోతది.
వద్దన్నా ఇనది.

ఆ నిచ్చెన ఏ గోదాంల ఉన్నదో నాకు తెల్వదు.
ఈదమ్మ నిచ్చెన మాత్రం
ఈ పెట్టెల, ఈ ఒక్క కుకీకి ఆనుకొని నిలవడ్డది.
గుంజితె కూలుతది.

మూడు ఐతారాలాయె, ఈదమ్మ రాలే.
దసరా ముందట గోడల పని మస్తుంటది, అందుకేనేమో.
తాడు గట్టిన నాలుగో మెట్టు యాదికొస్తది.
వేరే సంగతి సోంచాయించుకుంట.

గడువు: రేపు రాత్రి పన్నెండు.
ఎవరో ఒకరొచ్చి సూస్తెనే
ఇంకో నెల బతుకుతది.

ఆ పేజీ తెరిచిన.
నిచ్చెన ఉన్నది. ధర మూడొందలు పెరిగింది.
ఈ ముచ్చట ఈదమ్మకు ఎట్ల జెప్పాలెనో.
మూసి మళ్ల సెట్టింగ్స్ జూసిన,
గడువు వచ్చే నెలకు జరిగింది.

కుకీలు: ఆరు.
లేచి షట్టర్ మొత్తం దించిన.